మా తిరపతి పిన్ కోడ్ ప్రైమ్ నంబరబ్బా

517501. తిరపతిలో ఉండేవాళ్ళకి ఫారాల మీద, ఆన్‌లైన్ ఆర్డర్ల మీద రాసీ రాసీ చేతికి అలవాటైపోయిన నంబర్, కానీ దీన్ని ఎవరన్నా భాగించి చూసినారా అంటే డౌటే. నేను చూసినా. 1తోనూ దాంతోనూ తప్ప శేషం లేకుండా దేంతోనూ పోదు, అంటే ప్రైమ్ నంబర్.

నమ్మకం లేకుంటే మీరే చేసుకోండి, పెద్ద లెక్కేం కాదు గానీ ఓపిక కావాల. 720ని 720తో గుణిస్తే 518400, మన నంబర్ దాటిపోతాది, అంటే ఇది రెండు ముక్కలయ్యేదే అయితే ఒక ముక్క 720 కంటే చిన్నదే ఉండాల, కాబట్టి 719 దాకా ఉండే ప్రైమ్‌లతో భాగిస్తే చాలు, అవి మొత్తం 128. 23 దగ్గర 1 మిగులుతాది, 353 దగ్గర 3 మిగులుతాది, ఇంగ దొరికిపోయింది అనుకుంటాం గానీ దొరకదు.

దీనికి రెండు తక్కువ, 517499, అదీ ప్రైమే, అంటే ఇవి కవల ప్రైమ్‌లు. మధ్యలో ఇరుక్కున్న 517500 చూడండి, 23 × 150 × 150, ఎట్లా కావాలంటే అట్లా ముక్కలవుతాది, దానికి రెండు పక్కలా అసలు విరగనివి. ఇట్లాంటి కవలలకి అంతు ఉందా లేదా అనేది ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2013లో యిటాంగ్ ఝాంగ్ అనే ఆయన, 7 కోట్ల లోపు తేడాతో ఉండే ప్రైమ్ జతలకి అంతు లేదని నిరూపించినాడు, మరుసటేడుకల్లా ఆ తేడాని 246కి దించినారు, 2 దాకా రావడమే కాలేదు.

తిరపతిలోనే 517507 వాళ్ళు కూడా సంతోషపడొచ్చు, అదీ ప్రైమే. యూనివర్సిటీది 517502, సరి సంఖ్య, మొదటి దెబ్బకే పోయింది. కొండ మీద 517504, దీన్ని సగం చేస్తా పోతే కరెక్టుగా ఏడుసార్లు సగమై 4043 దగ్గర ఆగిపోతాది. ఏడు కొండలు, ఏడు రెండ్లు! దీన్ని పట్టుకుని వాట్సాప్‌లో మహిమ అని తిప్పబాకండి సామీ, 1972లో పిన్ కోడ్‌లు పెట్టినప్పుడు పోస్టలోళ్ళు ఇవన్నీ భాగించి చూసుకోని ఉండరు.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రైమ్ ఏదైనా సరే రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా, పాతకాలం లెక్కల పండితుల్లో ఫెర్మా చెప్పినాడు, ఆయిలర్ నిరూపించినాడు. 517501కి 1 మిగులుతాది. కూర్చోని వెతికితే దొరికింది, 699² + 170², అంటే 488601కి 28900 కలపండి. 517507కి 3 మిగులుతాది, దానికి ఆ యోగం లేదు.

చిత్తూరు 517001 ప్రైమ్ కాదు, 37 × 89 × 157. సరే మనమే గొప్ప అనుకునేలోపల చూస్తే ఆ మూడిట్లో దేన్ని 4తో భాగించినా 1 మిగులుతా ఉంది, అందుకని వాళ్ళది ఏకంగా నాలుగు రకాలుగా రాయొచ్చు: 715² + 76², 701² + 160², 676² + 245², 560² + 451². పైగా ఆ 676 మళ్ళా 26 వర్గం!