కడుపులో జియార్డియా: ఆ రెండు నెలలూ ఏం తిన్నాను, ఏం మానేశాను

మొదట వచ్చింది నొప్పి కాదు, త్రేన్పు. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో ఒక త్రేన్పు వచ్చింది. పళ్ళు తోముకున్నా పోలేదు. మధ్యాహ్నానికి కడుపు డోలులా ఉబ్బింది. సాయంత్రానికి బొడ్డు చుట్టూ గుడ్డ పిండినట్టు మెలిపెట్టే నొప్పి, ఆ వెంటనే పరుగు. రాత్రి తిన్నదేదో పడలేదనుకుని పడుకున్నాను.

అసలు కారణం తొమ్మిది రోజుల వెనక ఉందని అప్పుడు తోచలేదు. స్నేహితులతో కొండెక్కుతూ, సీసాలో నీళ్ళు అయిపోతే, రాళ్ళ మధ్య పారుతున్న వాగు నీళ్ళు దోసిలితో తాగాను. అద్దంలా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. చల్లటి నీళ్ళలోనే ఆ జీవి వారాలూ నెలలూ బతుకుతుందని నాకేం తెలుసు!

ఈ జబ్బు మనిషిని భలే మోసం చేస్తుంది. మూడు రోజులు చంపేస్తుంది, రెండు రోజులు వదిలేస్తుంది. వదిలేసిన రోజున తగ్గిపోయిందనుకుని మామూలుగా తినేస్తాం, మర్నాడు మళ్ళీ మొదలు. జిడ్డుగా, నీళ్ళమీద తేలుతూ, భరించలేని కంపుతో విరేచనాలు. రక్తం లేదు, జ్వరం లేదు. అందుకే ధీమాగా రెండు వారాలు గడిపేశాను. మొదట చూపించుకున్న చోట పరీక్ష ఏమీ రాయకుండా గ్యాస్ మాత్రలిచ్చి పంపించారు. తర్వాత సొంత వైద్యం మొదలెట్టాను. ఎవరో చెప్పారని పరగడుపున పచ్చి వెల్లుల్లి నమిలాను. ఉన్న నొప్పికి గుండెమంట తోడైంది. నులిపురుగులేమో అనుకుని ఆ మాత్ర ఒకటి కొనుక్కుని వేసుకున్నాను. దానికీ లొంగలేదు. అసలు నా కడుపులో ఉన్నది పురుగే కాదు.

ఆ సంగతి రెండో డాక్టరమ్మ దగ్గర తేలింది. ఆవిడ మల పరీక్ష రాశారు. అదీ ఒకటి కాదు, వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు. "మొదటిదాంట్లో కనబడకపోతే లేదనుకోకండి, ఇది రోజూ బయటికి రాదు" అన్నారు. ఆవిడ మాటే నిజమైంది. మొదటి డబ్బాలో ఏమీ లేదు, రెండోదాంట్లో జియార్డియా. ఒకే కణం ఉన్న పరాన్నజీవి. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్ పరిశోధకుడు తన సూక్ష్మదర్శినిలో తన మలాన్నే పెట్టుకుని చూసి, ఇలాంటి కదిలే జీవుల గురించి రాశాడట. ఆయనకూ విరేచనాలు పట్టుకున్న రోజులవి. ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది, ఎందుకో చెప్పలేను.

డాక్టరమ్మ కాగితం మీద చిన్నపేగు బొమ్మ గీసి చూపించారు. పేగు లోపలి గోడ నున్నగా ఉండదు, తివాచీకి నూలు పోగుల్లా సన్నటి మొలకలు నిలబడి ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. జియార్డియా తన కింది భాగంలో ఉన్న గిన్నెలాంటి దానితో ఆ గోడకు అతుక్కుంటుంది. మొలకలు పొట్టిబడతాయి, కొవ్వు సరిగ్గా లోపలికి పోదు. పోని కొవ్వే ఆ జిడ్డు, ఆ కంపు. "ఏం తింటే చస్తుంది డాక్టరుగారూ?" అని అడిగాను. నవ్వారు. "తిండితో చావదండీ. చంపడానికి మాత్ర ఉంది. మీరు తినేది పేగుకు పని తగ్గించడానికీ, మీ బరువు నిలబెట్టుకోవడానికీ." అన్నాళ్ళూ నేను ఈ రెండు పనుల్నీ కలిపేసి, వెల్లుల్లితో యుద్ధం చేస్తూ అన్నం మానేశానన్నమాట. అప్పటికి నాలుగు కిలోలు తగ్గాను.

నాకు రాసింది మెట్రోనిడజోల్, రోజుకు మూడుసార్లు. డోసు ఎంతో ఇక్కడ చెప్పను. గర్భిణులకూ పిల్లలకూ లెక్క వేరు, కొందరికి ఒక్క డోసుతో సరిపోయే టినిడజోల్ రాస్తారు. ఈ మాత్ర మొదలెట్టిన రెండో రోజునుంచి నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు చేదు. నీళ్ళు కూడా తుప్పు రుచే. దాని మూలంగా తిండి మీద అసహ్యం పుట్టింది. మాత్రకు ముందు నాలుగు ముద్దలు తింటే వికారం తగ్గింది. లోహపు రుచి మాత్రం కోర్సు అయిపోయేదాకా పోలేదు. వేడివేడిగా కన్నా చల్లారిన తిండి నయమనిపించింది, వాసన తక్కువ కదా. మద్యం ముట్టొద్దని, మాత్రలు అయ్యాక కూడా మూడు రోజులు ఆగమని చెప్పారు. కొన్ని దగ్గు మందుల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదువుకోవాలి.

ఇక నొప్పి. ఇది తిన్న అరగంటకు లేచేది. అప్పుడు నాకు పనికొచ్చినవి చాలా చిన్న విషయాలు. తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సంచి బొడ్డు మీద పెట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుంటే పది, పదిహేను నిమిషాల్లో ఆ మెలి విడిపోయేది. గ్యాస్ పట్టేసినప్పుడు పడుకోవడం కన్నా గదిలో అటూఇటూ నెమ్మదిగా నడవడం మేలు. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ వేసుకోబోతే డాక్టరమ్మ వద్దన్నారు, అది కడుపు గోడను ఇంకా రేపుతుందట. తప్పనిసరైతే పారాసిటమాల్ అన్నారు. విరేచనాలు కట్టేసే మాత్ర కూడా నా అంతట నేను వేసుకోవద్దన్నారు. పుదీనా టీ మంచిదని చాలామంది చెప్పారు. ఉబ్బరం కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ నాకు పుల్లటి త్రేన్పులు ఎక్కువై మానేశాను.

నీళ్ళ విషయంలో నేను చేసిన తప్పు, పండ్లరసాలు తాగడం. నీరసానికి మంచిదనుకున్నాను. అంత తీపి పేగులోకి పోతే అది ఒంట్లోని నీళ్ళను తనవైపు లాక్కుంటుంది, విరేచనం ఇంకా పల్చనవుతుంది. ఓఆర్ఎస్ పొట్లానికి మారాక ఒకే రోజులో తల తిరగడం ఆగింది. పొట్లం లేని రాత్రి కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపాను. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలకొట్టినట్టు సమంగా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి కళ్ళతో అంచనా వేయకండి. గడగడా తాగితే కడుపు తిప్పేది, అందుకని గుక్కెడు గుక్కెడుగా తాగేవాణ్ణి.

తిండి సంగతికొస్తే, మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న గిన్నెలుగా విడగొట్టాను. మెత్తగా ఉడికిన అన్నం, తొక్క తీసి ఉడకబెట్టిన బంగాళదుంప, మిగల ముగ్గిన అరటిపండు, ఉడికిన క్యారెట్. మొదటి రెండు రోజులూ ఇవే. అక్కడే ఆగిపోతే మాత్రం బరువు రాదు. వాటిలో బలం తక్కువ. మూడో రోజునుంచి ఉడికిన గుడ్డు, తర్వాత కొవ్వు లేని చికెన్ ఉడకబెట్టి పీచులుగా విడదీసి అన్నంలో కలుపుకోవడం. నూనె ఒక చెంచా దాటనివ్వలేదు, వేపుళ్ళు పూర్తిగా బంద్. పచ్చి కూరముక్కలు, క్యాబేజీ, బీన్స్, కారం, కాఫీ పక్కన పెట్టాను. ఇవి జబ్బును పెంచుతాయని కాదు, దెబ్బతిన్న పేగు వీటిని మోయలేదు, అంతే. పీచు మంచిదని రోజూ వింటాం కదా, ఆ మాట బాగున్న పేగుకు. ఏది తిన్నానో, ఎన్ని గంటలకు నొప్పి వచ్చిందో చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడది ఛాదస్తంలా అనిపించింది గానీ తర్వాత నన్ను కాపాడింది అదే.

ఎలాగంటే, మాత్రలు అయిపోయాయి, వారం రోజులు హాయిగా ఉంది. ఆనందంతో పాలూ జున్నూ మొదలెట్టాను. మళ్ళీ ఉబ్బరం, గుడగుడలు, పల్చటి విరేచనం. పోలేదు, తిరగబెట్టింది అని బెంబేలెత్తి పరిగెత్తాను. మళ్ళీ పరీక్షలు చేస్తే జియార్డియా లేదు. డాక్టరమ్మ నా పుస్తకం అడిగి, పేజీలు తిప్పి, పెన్నుతో నాలుగుచోట్ల సున్నా చుట్టారు. నాలుగుచోట్లా పాలే. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైము ఆ మొలకల కొసల్లోనే ఉంటుందట. కొసలు అరిగిపోయాయి, జీవి పోయినా అవి ఇంకా పెరగలేదు. కొంతమందికి కొన్ని వారాలు పాలు పడవు. నాలాంటివాళ్ళు ఇది తెలియక ఇంకో కోర్సు మందు మింగేస్తారు. పాలు మానేసిన మూడో రోజుకే కడుపు నెమ్మదించింది. పెరుగు మాత్రం కొద్దికొద్దిగా పడింది, దాన్లో ఆ చక్కెర కొంత ముందే పులిసి తగ్గిపోయి ఉంటుంది కదా.

ఇంట్లోవాళ్ళకు అంటకుండా చేసిన జాగ్రత్తల్లో ఒకటి చెప్పి తీరాలి. శానిటైజర్ రాసుకుంటే చాలనుకున్నాను, గట్టి పెంకులో ఉండే ఈ జీవి అలాంటివాటికి చావదు. సబ్బూ నీళ్ళతో రుద్ది కడుక్కోవడమే. తాగే నీళ్ళు తెర్లాక ఒక నిమిషం మరగనివ్వాలి, 2000 మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. ఈత కొలనుకు వెళ్ళడం మానేశాను, క్లోరిన్‌ను కూడా ఇది కాసేపు తట్టుకుంటుంది.

విరేచనంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, ఒకేచోట నిలిచిపోయే నొప్పి ఉంటే వేడినీళ్ళ సంచి పట్టుకుని కూర్చోకండి, ఆ రోజే చూపించుకోండి. పసిపిల్లలకయితే ఇవి కనబడేదాకా కూడా ఆగొద్దు.

ఎనిమిదో వారంలో అరకప్పు పాలు తాగి గడియారం చూస్తూ కూర్చున్నాను. గంట, రెండు గంటలు. నాలుగో రోజు కప్పు నిండా తాగాను. పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా "ఏమీ లేదు" అని రాసి ఉంది. తగ్గిన నాలుగు కిలోల్లో మూడు వచ్చాయి, ఇంకొకటి రావాలి.