గుణుపురంలో పెద్దపల్లి యాస

పర్లాకిమిడి రాజావారు 1900లో మొదలుపెట్టిన చిన్న రైలు లైను అది. చిన్నప్పుడు ఆ బండిలో అమ్మతో ఒడిశాలోని గుణుపురం వెళ్లేవాణ్ణి. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది కానీ ఆలస్యం మాత్రం పాతదే. టెక్కలిలో ఎక్కినవాణ్ణి, పాతపట్నం దాటాక ఎక్కడో పొలాల మధ్య గంట సేపు ఉడికాను. దిగాక ఆటోవాడు కిలోమీటరు దూరానికి 80 అడిగాడు. అదీ తెలుగులోనే.

అక్కావాళ్లు మేడ మీద ఇంకో వాటా వేస్తున్నారు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పైకెక్కాను. సిమెంటు బస్తాల పక్కన ఒకతను సత్తుగిన్నెలో చద్దన్నం తింటున్నాడు. మన తరవాణి లాంటిదే, వాళ్లు పఖాళ అంటారు. నంజుకోడానికి కాల్చిన ఎండుచేప.

"అబ్బ, ఏం ఎండ!" అని నాలో నేనే అనుకున్నాను.

"ఇంక ముదురుతది అన్నా. గీడ నీడకు కూసో."

గుణుపురంలో తెలుగు వినబడడం వింతేమీ కాదు. కానీ ఇక్కడిది మా సిక్కోలు తెలుగు, "ఏటి, ఎప్పుడొచ్చినావు" రకం. ఈ "గీడ కూసో" ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

పెద్దపల్లి ఇటుక బట్టీ నుంచట. మనిషిది ఒడిశాలోనే బలంగీర్ జిల్లా. నువాఖాయి పండగ వెళ్లగానే సర్దారు, అంటే కూలీల్ని కుదిర్చేవాడు, అడ్వాన్సు పట్టుకొచ్చేవాడు. మొగుడూ పెళ్లాం, ఒక పిల్లాడు కలిస్తే ఒక పథురియా. డబ్బు ఆ జట్టుకే, మనిషికి కాదు. కంటాబంజిలో రైలెక్కితే మళ్లీ వానల ముందే ఇల్లు. వారానికోసారి నూకలు, కాస్త చేతిఖర్చు. అలా ఐదు సీజన్లు.

"పిల్లాడేం చేసేవాడు?"

"పచ్చి ఇటుకలు తిరగేసేటోడు. మేం అడుగేస్తె ఖరాబైతయి గదా. వాడు బరువుండడు."

గొంతుక్కూర్చుని అచ్చు కొట్టీ కొట్టీ భార్య మోకాళ్లు పోయాయి. ఇంక రానని ఊళ్లో ఉండిపోయింది. ఇతను ఇక్కడ మేస్త్రీ దగ్గర రోజుకి 450కి పనిచేస్తూ, రాత్రి ఈ బస్తాల పక్కనే పడుకుంటున్నాడు. మా అక్క ఇల్లు ఒక మనిషికి కాపురం కూడా అని నాకు అప్పుడు తెలిసింది.

"మరి మా బావతో ఒరియాలోనే మాట్లాడతావేం?"

"ఆయన ఒరియాల తిడ్తడు. తెలుగొస్తదని తెలిస్తె తెలుగుల గూడ మొదలువెడ్తడు."

నవ్వాపుకోలేకపోయాను. మా భావనపాడు నుంచి గుజరాత్‌లోని వేరావల్ చేపల బోట్లకి వెళ్లొచ్చిన చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయనకి గుజరాతీలో ముందు వచ్చినవి అంకెలు, తర్వాత తిట్లు. ఇంటికొచ్చాక రెండూ మా మీదే ప్రయోగించేవాడు.

నవ్వు అయ్యాక అతను మూటలోంచి పాలిథిన్ కవరు తీశాడు. లోపల మడతలు నలిగిన చిన్న నోటుపుస్తకం. "బట్టీల ఇచ్చిన్రు. మాట నేర్సుకున్న గని రాత రాదు. మా ఊర్ల తెలుగు సదివేటోళ్లు లేరు. జర సూడు."

బాల్‌పెన్ను రాత, గుమాస్తాది కాబోలు. ఇటుకలు ఇన్ని వేలు. నూకలు. మందులు. రైలు చార్జీ. మళ్లీ మందులు. ఒక్కో మాటా చదువుతుంటే తలూపుతున్నాడు. మందుల దగ్గర మాత్రం "రెండు సార్లు రాసిన్రా?" అని ఆపి, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, సరే కానిమ్మన్నాడు. చివరి పేజీలో కింద గీత గీసి ఒక్కటే ముక్క: బాకీ 4,200.

"ఎవరికి?"

మళ్లీ చూశాను. నువ్వు ఇవ్వాలా, నీకు రావాలా అన్నది ఎక్కడా రాయలేదు. పేజీ తిప్పి వెనక కూడా చూశాను.

"నాకే రావాలన్నడు సర్దారు," అన్నాడు. కాసేపాగి, "మల్ల ఏడాది అడ్వాన్సుల పట్టుకున్నడు గద," అన్నాడు.

కింద నుంచి అక్క కాఫీకి కేకేసింది. అతను పుస్తకాన్ని కవర్లో చుట్టి మూటలో అడుక్కి తోశాడు. నేను మెట్ల దాకా వెళ్లాక వెనక నుంచి చిన్నగా అన్నాడు.

"తెలుగు సంగతి మీ బావకు చెప్పకు అన్నా."