వనపర్తి కాటా నుంచి మిర్యాలగూడ సర్వరు దాకా: ఏ యంత్రం దేన్ని చేరగలదో తేల్చుకున్న నా అనుభవం

పని పూర్తయి ఇంకా వారం తిరగలేదు. మనసులో మంట పూర్తిగా చల్లారకముందే, వివరాలు మరిచిపోకముందే రాసిపెడుతున్నాను. వేర్వేరు ఊళ్ళలో ఉన్న యంత్రాల మధ్య దారి ఉందో లేదో తేల్చే పని ఎవరి మెడకైనా పడితే, వారికి ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లుల సంస్థకు నెట్‌వర్కు, సర్వర్ల పని నేను చూస్తాను. ప్రధాన కార్యాలయమూ పెద్ద మిల్లూ ఇక్కడే ఉన్నాయి. నల్లగొండలో గోదాము, నేరేడుచర్లలోనూ వనపర్తిలోనూ మిల్లులు ఉన్నాయి. యాసంగి వడ్లు దిగకముందే పాత లీజు లైన్లనూ (అద్దెకు తీసుకున్న ప్రత్యేక లైన్లు) పాత రూటరునూ తీసేసి, కొత్త ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే పెట్టె), వీపీఎన్ టన్నెళ్ళ (ఇంటర్నెట్టు మీదుగా ఊళ్ళను కలిపే రహస్య దారులు) మీదికి మారాలని యాజమాన్యం నిర్ణయించి, ఆ పనిని హైదరాబాదుకు చెందిన ఒక కాంట్రాక్టు సంస్థకు అప్పగించింది. మారడానికి ముందూ మారిన తరువాతా ఏ యంత్రం ఏ యంత్రాన్ని ఏ పోర్టులో (యంత్రం మీది ఒక్కో ప్రోగ్రాము వినే, అంకె వేసిన ద్వారం) చేరగలుగుతోందో పట్టిక తయారుచేయడం నా వంతుకు వచ్చింది. దీనికోసం పైసా ఖర్చు పెట్టించలేదు. అన్నీ ఓపెన్ సోర్స్ పనిముట్లతోనే చేశాను.

యంత్రాల జాబితా రాసుకోవడం సులువుగానే అయిపోయింది. అన్నింటికీ పింగ్ చేసి చూడటం అంతకన్నా సులువు, కానీ దాని విలువ కూడా అంతే. 1983లో మైక్ మూస్ రాసిన ఆ చిన్న ప్రోగ్రాము ఐసీఎంపీ ఎకో అనే ఒకే రకం ప్రశ్న వేసి, జవాబు వచ్చిందా అని చూస్తుంది. ఐసీఎంపీ అనే ఈ సందేశాల పద్ధతిలో పోర్టు అనే మాటే లేదు. కాబట్టి పింగ్ వచ్చిందంటే అవతలి యంత్రం బతికి ఉందని తెలుస్తుందే తప్ప, దాని మీద నడిచే డేటాబేసును అందుకోగలమని తెలియదు. కాంట్రాక్టు సంస్థ వారు యజమానికి ఇచ్చిన నివేదిక మొత్తం పింగ్ ఫలితాలే. ఆ పచ్చరంగు గడుల కాగితం తరువాత నన్ను ఎంత బాధపెట్టిందో ముందు ముందు చెబుతాను.

అసలు పని ఎన్‌మ్యాప్‌తో మొదలైంది. 1997లో గోర్డన్ లయన్ విడుదల చేసిన ఈ పనిముట్టును పోర్టులు వెతికేదిగానే చాలామంది వాడతారు. నాకు మాత్రం దాని గొప్పతనం అది వాడే మాటల్లో కనిపించింది. ఓపెన్ అంటే అవతల ఒక ప్రోగ్రాము వింటోంది. క్లోజ్డ్ అంటే మన ప్యాకెట్ అక్కడి దాకా వెళ్ళింది, వినే ప్రోగ్రాము లేదు కాబట్టి ఆ యంత్రమే రీసెట్ పంపి వద్దంది. ఫిల్టర్డ్ అంటే మధ్యలో ఏదో అడ్డుపడింది. సాధారణంగా ఏ జవాబూ రాలేదని అర్థం. పిలిస్తే లోపలి నుంచి “లేరు” అని వినిపించిన ఇంటికీ, ఎంత పిలిచినా పలుకే లేని ఇంటికీ ఉన్నంత తేడా ఈ రెండు మాటల మధ్య ఉంది. రీజన్ అనే ఆప్షను జతచేస్తే ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చిందో కూడా ప్రతి పోర్టు పక్కన రాస్తుంది. ఆ ఆప్షను లేకుండా తీసిన ఫలితాన్ని నేను ఎవరి దగ్గర నుంచీ తీసుకోను. ఏ పోర్టులో చెప్పకపోతే అది వెయ్యి టీసీపీ పోర్టులనే చూస్తుందని, ఉన్నవి 65,535 అని కూడా గుర్తుంచుకోవాలి.

అయితే నా ల్యాప్‌టాప్ నుంచి ఎన్‌మ్యాప్ నడిపితే తెలిసేది నా ల్యాప్‌టాప్‌కు ఉన్న దారి మాత్రమే. వనపర్తి కాటా కంప్యూటరుకు మిర్యాలగూడ డేటాబేసు అందుతోందా అన్న ప్రశ్నను వనపర్తి కాటా కంప్యూటరు మీద కూర్చునే అడగాలి. లినక్సు యంత్రాల వరకు ఆన్సిబుల్ అనే పనిముట్టు ఈ పని చక్కగా చేసింది. అది ఎస్‌ఎస్‌హెచ్ (సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా దూరపు యంత్రంలోకి వెళ్ళి, అక్కడి నుంచే పరీక్ష నడుపుతుంది. ఆ యంత్రం మీద ముందుగా ఏ ఏజెంటునూ స్థాపించనక్కర లేదు. వెయిట్ ఫర్ అనే మాడ్యూలుకు చేరవలసిన చిరునామా, పోర్టు ఇస్తే చాలు. దానికి మామూలుగా ఉండే గడువు 300 సెకన్లు కాబట్టి, మూడు సెకన్లని మనమే రాయాలి. లేకపోతే మూసుకున్న ప్రతి దారి దగ్గరా ఐదు నిమిషాలు నిలబడిపోతుంది. విండోస్ మీద నడిచే కాటా కంప్యూటర్లలో ఎన్‌మ్యాప్‌నూ, దానితో పాటు వచ్చే, ఒక పోర్టుకు కనెక్టయి చూసే ఎన్‌క్యాట్‌నూ పెట్టి పరీక్షించాను.

పట్టిక దాదాపు అంతా సరిగా వచ్చింది. నల్లగొండ, నేరేడుచర్ల వరుసల్లో తెరిచి ఉండవలసినవి తెరిచే ఉన్నాయి. వనపర్తి వరుస ఒక్కటే తేడాగా ఉంది: పింగ్ వస్తోంది, డేటాబేసు పోర్టు 5432 ఫిల్టర్డ్, కారణం జవాబు లేకపోవడం. ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు 22 కూడా అంతే. ఆ సాయంత్రమే కాంట్రాక్టు సంస్థకు ఈ ఫలితం పంపాను. “మా వైపు అంతా ఓకే” అని ఒక వాక్యం జవాబుగా వచ్చింది.

మరునాటి నుంచి వనపర్తికి వడ్ల లారీలు మొదలయ్యాయి. లారీ కాటా మీదికి ఎక్కుతుంది, బరువు ఇండికేటరు మీద నిలుస్తుంది, ఆపరేటరు సేవ్ నొక్కుతాడు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, చీటీ రాదు. చివరికి ఆపరేటరు పాత చీటీ పుస్తకం తీసి, కార్బను కాగితం పెట్టి, చేత్తో రాసి పంపాడు. గేటు బయట లారీలు బారులు తీరాయి. డ్రైవర్లు కేకలు వేశారు. విషయం యజమాని దాకా వెళ్ళింది.

యజమాని గదిలో మీటింగు పెట్టారు. కాంట్రాక్టు సంస్థ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పచ్చగడుల కాగితం బల్ల మీద పరిచి, “సార్, వనపర్తి పింగ్ చూడండి, ఒక్క ప్యాకెట్టు కూడా పోవట్లేదు. నెట్‌వర్కు పర్ఫెక్టు. సమస్య అప్లికేషన్‌లో ఉంది” అన్నాడు. నేను ఎన్‌మ్యాప్ ఫలితం చూపించబోతే, “తమ్ముడూ, ఫిల్టర్డ్ అంటే మీ సర్వర్‌లోనే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నట్టు. ముందు దాన్ని ఆపెయ్, ఆ తర్వాత మాట్లాడు” అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. తన ల్యాప్‌టాప్‌ను సొంత ఫోను ఇంటర్నెట్టుకు తగిలించి, వీపీఎన్‌లో లాగిన్ అయి, మా సర్వరు 5432 పోర్టుకు టెల్‌నెట్ కొట్టి, కనెక్టయిన తెరను యజమాని వైపు తిప్పాడు. యజమాని నా వంక చూసి, “వాళ్ళకు బయటి నుంచి కూడా కనెక్టవుతుంటే మీకెందుకు కావట్లేదు?” అని అడిగారు. అకౌంట్సు వారు, మేనేజరు, గుమస్తాలు అందరూ అక్కడే ఉన్నారు. నేను జవాబు మొదలుపెట్టేలోగా ఆ ఇంజనీరు ఇంకో మాట అన్నాడు: “సార్, ఈయన నెట్‌వర్కంతా స్కాన్ చేస్తున్నాడు. ఇది హ్యాకింగ్ కిందికి వస్తుంది, కేసులవుతాయి.”

చదువుకున్న పనిని నిజాయితీగా చేస్తున్న మనిషిని పది మందిలో దొంగలా నిలబెట్టడం చాలా పెద్ద తప్పు. అదృష్టం కాదు, ముందుచూపు నన్ను కాపాడింది: ఏ చిరునామాలను, ఏ కాలంలో, ఎందుకు పరీక్షిస్తానో రాసి యాజమాన్యం సంతకం తీసుకున్న లేఖ నా ఫైలులో ఉంది. ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షను యజమాని అనుమతి లేకుండా కంప్యూటరులోకి, నెట్‌వర్కులోకి వెళ్ళడం గురించి చెబుతుంది. అదే పనిని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు గానీ, ఐదు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అనుమతి లేఖ లేకుండా ఎవరి నెట్‌వర్కు మీదా, అది మీరు పనిచేసే సంస్థదే అయినా, ఎన్‌మ్యాప్ నడపకండి. ఆ లేఖను యజమాని ముందు పెట్టాను. సర్వరు ఫైర్‌వాల్‌ను మాత్రం ఆపనని, రుజువు చూపిస్తానని చెప్పి బయటికి వచ్చాను.

ఆ రోజు వనపర్తి బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. సర్వరు ఫైర్‌వాలే అడ్డమైతే నల్లగొండకూ నేరేడుచర్లకూ ఎలా అందుతోంది? నియమాలు మూడు ఊళ్ళకూ ఒకటే. పోనీ దారి తెగిందనుకుంటే పింగ్ ఎలా వస్తోంది?

ఈ ముడిని టీసీపీడంప్ విప్పింది. 1988 ప్రాంతంలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో వ్యాన్ జాకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ రాసిన పనిముట్టు ఇది. యంత్రం గుండా పోయే ప్యాకెట్లను ఉన్నవున్నట్టు చూపిస్తుంది. సర్వరు మీద దాన్ని, కాటా కంప్యూటరు మీద అదే పని చేసే వైర్‌షార్క్‌ను ఒకేసారి నడిపాను. రెండు యంత్రాల గడియారాలు కలిసి ఉండాలి. లేకపోతే రెండు పట్టీలను పక్కపక్కన పెట్టి చదవలేము. కాటా మీద ఎన్‌క్యాట్‌తో 5432ను పిలిచాను. సర్వరు తెర మీద ఎస్ అనే అక్షరంతో ఒక వరుస వచ్చింది: అది సిన్, అంటే కాటా పంపిన పిలుపు. వెంటనే దాని కింద ఎస్ పక్కన చుక్కతో మరో వరుస: సర్వరు పిలుపును ఒప్పుకుని పంపిన జవాబు. అంటే సర్వరు ఫైర్‌వాల్ దేన్నీ ఆపలేదు. కానీ వైర్‌షార్క్‌లో ఆ జవాబు ఎక్కడా లేదు. కాటా అదే పిలుపును మళ్ళీ పంపింది, సర్వరు మళ్ళీ బదులిచ్చింది, ఆ బదులు మళ్ళీ మధ్యలోనే మాయమైంది. ఆ వరుసలు చూసినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను.

ఇక మిగిలింది జవాబు ఏ దారిన పోతోందో చూడటం. ప్యాకెట్టు దాటే మజిలీలను వరుసగా చూపే ట్రేస్‌రూటును అందరూ క్లయింటు వైపు నుంచే నడుపుతారు. నేను సర్వరు నుంచి కాటా వైపు, ఐసీఎంపీ పద్ధతిలో నడిపాను. కాటా నుంచి వచ్చేటప్పుడు దారి కొత్త టన్నెల్ గుండా ఉంది. సర్వరు నుంచి వెళ్ళేటప్పుడు మొదటి మజిలీ పాత రూటరు. రెండో మజిలీగా కొత్త ఫైర్‌వాల్ రావలసి ఉండగా, ఇంకా పీకెయ్యని పాత వనపర్తి లీజు లైను వచ్చింది. కాంట్రాక్టు సంస్థ పాత రూటరులో నల్లగొండ, నేరేడుచర్లల స్టాటిక్ రూట్లను (చేత్తో రాసిపెట్టే దారులను) మార్చింది, వనపర్తిది వదిలేసింది. ఆ పాత లైను మీద ఉన్న యాక్సెస్ లిస్టు (దేన్ని పోనివ్వాలో చెప్పే జాబితా), మేము ఇంతకుముందు వాడిన డేటాబేసు కాలం నాటిది; అందులో ఐసీఎంపీకి అనుమతి ఉంది, పాత డేటాబేసు పోర్టు 1433కు అనుమతి ఉంది, 5432కు లేదు. అందుకే పింగ్ తిరిగొచ్చింది, డేటాబేసు జవాబు చచ్చిపోయింది. ఇంజనీరు ల్యాప్‌టాప్‌కు ఎందుకు కనెక్టయిందో కూడా అప్పుడే తేలిపోయింది: అతని వీపీఎన్ కొత్త ఫైర్‌వాల్ దగ్గర ముగుస్తుంది, అది అతని చిరునామాను తన సొంత చిరునామాగా మార్చి సర్వరుకు పంపుతుంది. సర్వరు జవాబు పక్కనే ఉన్న ఫైర్‌వాల్‌కు పోతుందే కానీ పాత రూటరు గడప తొక్కదు. అతను యజమానికి చూపించింది నిజమే, కానీ వనపర్తికి ఏ సంబంధమూ లేని నిజం.

రెండు వైపుల ప్యాకెట్ల పట్టీలనూ, రెండు ట్రేస్‌రూట్లనూ ఒకే కాగితం మీద అచ్చు వేయించి, యజమానికీ కాంట్రాక్టు సంస్థకూ ఒకేసారి పంపాను. గంటలోపే రూటు మారింది. కాటా మీద చీటీ బయటికి వచ్చింది. వాళ్ళ నివేదికలో మాత్రం “అప్లికేషన్ సమస్య పరిష్కరించబడింది” అని రాసుకున్నారు. అది తప్పని రాతపూర్వకంగా తెలిపి, దిద్దించిన తరువాతే చివరి బిల్లు కదలనిచ్చాను. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఈ పనిని ఇంత పద్ధతిగా చేసినవారు ఎక్కువ మంది ఉండరని గర్వంగానే చెబుతున్నాను.

నా మనసులో మిగిలిన కోపం ఇంకొకటి ఉంది. రూటరు, ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్లు మొదట్లోనే అడిగాను, “రహస్యం” అని ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బ్యాట్‌ఫిష్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టుతో ఒక్క ప్యాకెట్టు పంపకుండానే ఈ తప్పు పట్టేవాడిని. అది కాన్ఫిగరేషను ఫైళ్ళను చదివి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏది వెళ్తుందో, ఏది ఏ నియమం దగ్గర ఆగిపోతుందో, జవాబుకు తిరుగుదారి ఉందో లేదో లెక్కగట్టి చెబుతుంది. డబ్బు పెట్టి కొన్న పెట్టె సంస్థది అయినప్పుడు అందులోని రాత కూడా సంస్థదే. కాన్ఫిగరేషను ప్రతిని ప్రతి మార్పు తరువాతా అప్పగించాలని ఒప్పందంలోనే రాయించుకోండి. పాస్‌వర్డు కాంట్రాక్టరు జేబులో ఉండగా సంతకం పెట్టకండి. మా కొత్త ఒప్పందంలో ఆ షరతు చేర్పించాను. పాత రూటరును గత శనివారం తీసేశారు. ఆన్సిబుల్ పరీక్ష ఇప్పుడు ప్రతి ఊరి నుంచీ రాత్రిపూట తనంతట తానే నడిచి, నిన్నటి పట్టికకూ నేటి పట్టికకూ తేడా వస్తే నాకు మెయిలు పంపుతోంది.