చేతులు కడుక్కోవడం ఆపడానికి బెంగళూరు దాకా వెళ్లాను

మాది హిందూపురం పక్కన పల్లె. ఇంటి వెనక రెండెకరాల మల్బరీ తోట, దాన్ని ఆనుకుని పట్టుపురుగుల షెడ్డు. షెడ్డులోకి ఎవరు పోవాలన్నా చెప్పులు బయట విడిచి, గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లతో తడిపిన గోనెపట్టా తొక్కి, పక్కనున్న బేసిన్‌లో చేతులు ముంచాలి. నేను పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. నాకు ఓసీడీ, అంటే ఒకే అనుమానం వెంటాడి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు, ఉందని రెండేళ్ల దాకా ఎవరికీ తట్టకపోవడానికి ఆ బేసిన్ కూడా ఒక కారణం. హాస్టల్‌కి పోయాక పిల్లోడికి శుభ్రం వచ్చిందని మా నాయన అందరికీ చెప్పుకున్నాడు.

2017 దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. అప్పుడు ఇంటర్ ఫస్టియర్. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు తెగ తింటున్నాయి. కుబుసం విడవడాన్ని మేం జ్వరం అంటాం. ఆ దశలో షెడ్డులోకి వెళ్తే ఆకు నమిలే చప్పుడు వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. రెండు రోజులు నేనే ఆకు వేశాను. మూడో రోజు కొన్ని పురుగులు ఉబ్బి, పట్టుకుంటే తోలు చిట్లి పాలలాంటి నీళ్లు కారాయి. పాలరోగం, వైరస్‌తో అంటుకునేది. సగం పంట పోయింది. చిన్నాయన నా భుజం మీద చరిచి, "హాస్టల్ నుంచి వీడు తెచ్చినాడప్పా రోగం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆకు వేసే ముందు చేతులు ముంచానా? ముంచాను. గట్టిగా గుర్తుందా? లేదు.

హాస్టల్‌కి తిరిగి వెళ్లాక ఈ ప్రశ్న నాతో పాటే వచ్చింది. పుస్తకం పట్టుకుంటే చేతులకి ఏదో అంటిందని, అది ఇంటికి ఫోన్ చేసినా అటు చేరుతుందన్నంత భయం. ఫోన్ గుండా వైరస్ పోదని సైన్సు చదివే నాకు తెలియదా? బాగా తెలుసు. ఈ జబ్బులో అదే పెద్ద నరకం. తెలిసినా చెయ్యి ఆగదు. ఏడుసార్లు కడగాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే లెక్క తప్పుతుంది, మళ్లీ ఒకటి నుంచి. బాత్రూం దగ్గర క్యూలో నిలబడే వాళ్లు నాకు 'సబ్బు స్వామి' అని పేరు పెట్టారు. వార్డెన్ తిట్టేవాడు, బయటి నుంచి గడియ కూడా పెట్టాడు ఒకసారి. స్టడీ అవర్‌లో మాత్రం నేను మంచి విద్యార్థిని. ఒకే పేజీ పదిసార్లు చదివేవాణ్ణి. చూసేవాళ్లకి అది శ్రద్ధ. దేవుడి పటం ముందు ఇరవై నిమిషాలు దండం పెట్టేవాణ్ణి. అది భక్తి. చేతులు కడగడం శుభ్రత. ఇట్లా మెచ్చుకునే పేర్లతో వచ్చే జబ్బు ఇంకోటి ఉందో లేదో.

2019 మే 5న నీట్. 180 ప్రశ్నలు, మూడు గంటలు. రోల్ నంబరు గుండ్రాలు సరిగ్గా దిద్దానా అని చూసుకోవడంతోనే అరగంట పైన పోయింది. ఒక్కో జవాబు దిద్దాక పైకెళ్లి మళ్లీ నంబరు చూడటం. చివరి గంట కొట్టేసరికి 70కి పైగా ప్రశ్నలు ముట్టుకోలేదు. బయటికి వచ్చి ఫిజిక్స్ కష్టంగా వచ్చిందని ఇంట్లో చెప్పాను.

అప్పటికి చేతులు చూడలేనట్టు తయారయ్యాయి. వేళ్ల సందుల్లో చీలి రక్తం వచ్చేది, అన్నం కలుపుకుంటే కారం మండేది. ఊళ్లో ఆరెంపీ గజ్జి అని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. అవ్వ పెనుకొండ బాబయ్య దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. అది తడవకూడదని ఎవరో అన్నారట. చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మిగతా చెయ్యి కడిగేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

కనిపెట్టింది అనంతపురంలో ఒక చర్మ డాక్టరమ్మ. చేతులు తిప్పి చూసి, "రోజుకి ఎన్ని తూర్లు కడుగుతావు?" అని అడిగింది. రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. నేను నోరు విప్పలేదు. "నెలకు ఎన్ని సబ్బులు తెస్తారమ్మా?" అని మా అమ్మని అడిగింది. అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టి, "పన్నెండు, పదమూడు అయితాయి, ఒక్కడికే" అంది. ఆ మాట బయటికి వచ్చాక తనే నా వైపు తిరిగి చూసింది. డాక్టరమ్మ చీటీ మీద 'ఓసీడీ' అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, మానసిక వైద్యుడికి చూపించమంది. చేతులకి మాత్రం వాసెలిన్ రాసుకోమంది, అంతే.

మానసిక జబ్బులకి బెంగళూరులో ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రి నిమ్హాన్స్. మా ప్రాంతంలో పెద్దవాళ్లు దాన్ని ఇంకా పిచ్చాసుపత్రి అనే అంటారు. నాయన రెండు వారాలు తటపటాయించాడు. చివరికి ఊళ్లో "చేతులకి బెంగళూరులో చూపిస్తున్నాం" అని చెప్పి బయల్దేరదీశాడు. అబద్ధం కాదు కదా.

జూన్‌లో తెల్లవారుజామున బయల్దేరి, మెజెస్టిక్‌లో దిగి, సిటీ బస్సులో వెళ్లాం. వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తాను, ఆ రోజంతా దానికే పోతుందనుకుని వెళ్లండి. పొద్దున్నే రిజిస్ట్రేషన్ క్యూ, తర్వాత ఒక డాక్టరు పైపైన చూసి ఎటు పంపాలో రాయడం, ఆ తర్వాత అసలు పరీక్ష. క్యూలో కన్నడతో పాటు మన తెలుగు బాగా వినిపించింది. హిందూపురం వాళ్లం కాబట్టి రెండూ మాకు వచ్చు. నా వయసు పిల్లలు అంతమంది అక్కడ ఉంటారని నేను అనుకోలేదు. ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది, ఆయన ఆమె రికార్డు నోట్‌బుక్‌తో విసురుతున్నాడు.

ఒక జూనియర్ డాక్టరు గంటంబావు కూర్చోబెట్టి, పుట్టినప్పటి నుంచి అడిగాడు. నన్ను విడిగా, అమ్మానాయనలని విడిగా. మా మేనమామ రాత్రి గ్యాస్ సిలిండరు దగ్గరికి పదిసార్లు లేచి వెళ్తాడన్న సంగతి అమ్మ అక్కడ చెప్పింది. మేమంతా దాన్ని జాగ్రత్త అనుకునేవాళ్లం. తర్వాత పది ప్రశ్నల పట్టిక. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం 40. నాకు 31 వచ్చింది. తీవ్రం అన్నారు. రెండేళ్ల తర్వాత నా బాధకి ఒక మార్కు వచ్చింది. నీట్ మార్కు కన్నా అదే నాకు ఊరట ఇచ్చింది.

పంట పోయినందువల్లే జబ్బు వచ్చిందా అని నాయన అడిగాడు. పెద్ద డాక్టరు కాదన్నారు. జబ్బు వచ్చే వయసే ఇది, మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లకే మొదలవుతాయి, కుటుంబంలోనూ ఛాయలున్నాయి. పురుగుల పంట దానికి కథ అందించిందంతే, అది కాకపోతే ఇంకో కథ దొరికేది అన్నారు. నాయన ముఖం అప్పుడు కొంచెం తేరుకుంది. నాకు తెలియని విషయం ఒకటుంది. చిన్నాయనతో ఆయన ఏడాదిన్నరగా సరిగా మాట్లాడటం లేదట.

(2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. తర్వాతెప్పుడో చదివాను. మా సెక్షన్‌లో 80 మంది. లెక్కన ఆరుగురు. ఇంకో అయిదుగురు ఎవరై ఉంటారా అని గ్రూప్ ఫొటో చాలాసేపు చూశాను. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు, అది వేరే సంగతి.)

మందు ఫ్లూయాక్సెటిన్. 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా 60కి పెంచారు. ఓసీడీకి మామూలు డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువ డోసు కావాలట, ఎక్కువ వారాలూ పడుతుందట. ముందే చెప్పారు కాబట్టి బతికిపోయాం. మొదటి వారం కడుపులో తిప్పడం, రాత్రి నిద్ర లేకపోవడం. నెల దాటినా మార్పు లేదు. అవ్వ "ఈ గోలీలు మానేయించు" అని అమ్మని పోరుపెట్టింది. పదో వారంలో ఒకరోజు కుళాయి దగ్గర నుంచి వచ్చేసి మంచం మీద కూర్చున్నాక తట్టింది, లెక్కపెట్టలేదని. వెంటనే లేచి వెళ్లి లెక్కపెట్టి కడిగాను. అయినా ఆ ఒక్క నిమిషం ఉంది కదా.

మందు ఒక్కటే చాలదు, వార్డులో చేరి రోజూ థెరపీ చేస్తే మంచిదన్నారు. అక్టోబరులో చేరాను. 18 నిండాయి కాబట్టి సంతకం నాదే, నా ఇష్టంతోనే. తోడుగా అమ్మ ఉంది.

ఆ థెరపీని తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. చేసేది మాత్రం చెప్పగలను. భయపెట్టే పనులన్నీ రాసి, ఒక్కోదానికి వందలో ఎంత టెన్షన్ వస్తుందో మార్కు వేయాలి. తక్కువ మార్కు దానితో మొదలుపెట్టి, ఆ పని చేసి, తర్వాత కడగకుండా కూర్చోవాలి. నా పట్టికలో వార్డు తలుపు గడియ 30, చెప్పు అడుగు 60, ఇంట్లో పురుగుల తట్ట ముట్టుకుని అదే చేత్తో ఆకు వేయడం 100. "అనుమానం వచ్చినప్పుడల్లా కడిగితే దాన్ని పెంచుతున్నట్టే" అని సైకాలజిస్టు మేడం వివరిస్తుంటే, చూడ్డానికి వచ్చిన నాయన మధ్యలో అందుకున్నాడు. "అంటే పురుక్కి ఆకేసినట్టు. ఎయ్యడం ఆపితే సరి అంటారు." మేడం ఆ మాట నోట్స్‌లో రాసుకుంది.

కష్టం నాది కాదు, మా అమ్మది. రెండేళ్లుగా నేను రోజుకి ముప్పై నలభై సార్లు "ఏం కాదు కదా అమ్మా?" అని అడిగేవాణ్ణి, ఫోన్‌లో కూడా. ఆమె ఓపికగా "ఏం కాదు నాయనా, కడుక్కున్నావులే" అనేది. ఆ జవాబే జబ్బుకి మేత అని ఆమెకి చెప్పారు. ఇకమీదట అడిగితే "దానికి నేను జవాబు చెప్పను" అనాలి. మేడం ఆమె చేత రెండుసార్లు పలికించి చూసింది.

మూడో రోజు బాత్రూం కుళాయి తిప్పి, ఆ చేతులతోనే వచ్చి మంచం మీద కూర్చున్నాను. టెన్షన్ 80. అరచేతులు పైకి పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను, నావి కానట్టు. అమ్మా, ఏం కాదు కదా? అమ్మ జవాబు చెప్పలేదు. నేర్చుకున్న వాక్యం కూడా చెప్పలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. మళ్లీ అడిగాను. అరిచాను. పక్క మంచం వాళ్ల ముందు అనరాని మాట కూడా ఒకటి అన్నాను. ఆమె వీపు కదులుతోంది, తల మాత్రం తిప్పలేదు. యాభై నిమిషాలకి 80 కాస్తా 35కి వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే. కడగకుండానే. అది దిగుతుందని నాకు అంతవరకూ తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ దిగేదాకా ఆగలేదు.

నాలుగు వారాలున్నాం. ఇంటికొచ్చే ముందు మేడం నాయన్ని అడిగింది, "షెడ్డులోకి వెళ్లేటప్పుడు మీరు చేతులు ఎన్నిసార్లు ముంచుతారు?" నాయనకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎన్ని తూర్లేంది మేడం? ఒక తూరి." అయితే నీకూ అంతే అని నాతో అంది. ఫిబ్రవరి ఫాలోఅప్‌లో 31 కాస్తా 13కి వచ్చింది.

ఆ మరుసటి నెలే కరోనా వచ్చి లోకమంతా చేతులు కడగడం మొదలుపెట్టింది. టీవీ పెడితే 20 సెకన్లు, ఫోన్ చేస్తే ముందు దగ్గు వినిపించి తర్వాత చేతులు శుభ్రం చేసుకోండని. నేను ఏళ్ల తరబడి పడింది పిచ్చయితే ఇదేంటి మరి? ఏప్రిల్‌కి నా లెక్క మళ్లీ మొదలైంది. లాక్‌డౌన్, బస్సుల్లేవు. డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాను. బయటి నుంచి వచ్చినప్పుడు, అన్నానికి ముందు, మరుగుకి వెళ్లొచ్చాక, 20 సెకన్లు, ఒక్కసారి. ప్రభుత్వం చెప్పినంతే, ఒక్క సెకను ఎక్కువ వద్దు. నాయన వాచీ పట్టుకుని కుళాయి పక్కన నిలబడేవాడు. "ఇరవై. రా." జూన్‌కి దారికొచ్చాను.

నీట్ మళ్లీ రాయలేదు. డిగ్రీ చేశాను, ఇప్పుడు షెడ్డు నాదే. మందు 20కి తగ్గింది, ఒకసారి సొంతంగా మానేసి రెండు నెలలు అనుభవించాను కాబట్టి ఇక ఆ తెలివి చూపించను. పోయిన ఏడాది మా మామ కూతురు ఫోన్ చేసి, క్లాసులో ఒకమ్మాయి నోట్సు రాసి రాసి చింపేస్తోందని అడిగింది. 14416కి చెయ్యమన్నాను. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమ్మాయి చేసిందట.

మొన్నటి పంటలో ఒక తట్టలో నాలుగైదు పురుగులు ఉబ్బాయి. ఏరేస్తుంటే ఒకటి వేళ్ల మీదే చిట్లింది. ఆ పాలు చూసి గుండె దడదడలాడింది, లేదనను. పురుగుల్ని బ్లీచింగ్ నీళ్ల డబ్బాలో వేసి, బయటికొచ్చి బేసిన్‌లో చేతులు ముంచి తీశాను. అమ్మ గడప దగ్గరే మల్బరీ రెమ్మలు పరుస్తోంది, నా వైపు చూసింది. ఒకసారి ముంచాను. మళ్లీ లోపలికి వెళ్లి ఆకు వేశాను.