రెండో సిలిండర్‌లో దమ్ము లేదు

మా నాన్న 1998లో కొన్న మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఏపీ 10 నంబర్, కార్బురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. పదిహేనేళ్లు నిండినప్పటి నుంచి ఐదేళ్లకోసారి ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాం. నాన్న పోయాక అమ్మేయమని చాలామంది చెప్పారు. అమ్మకు మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు.

పోయిన వేసవి చివర్లో బండి తేడా చేయడం మొదలుపెట్టింది. పొద్దున్నే పది సార్లు సెల్ఫ్ కొడితే గాని స్టార్ట్ కాదు. స్టార్టయ్యాక స్లోలో వణుకుతుంది. చెవి పెట్టి వింటే రెండు దెబ్బలు పడి మూడోది తప్పిపోతున్నట్టు ఉంటుంది. మల్కాజిగిరి నుంచి తార్నాక వెళ్లేటప్పుడు లాలాపేట ఫ్లైఓవర్ రెండో గేర్‌లో తప్ప ఎక్కడం లేదు. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే నాకు చెమటలు పట్టేవి.

మొదట చూపించిన చోట ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చారు, కార్బురేటర్ కడిగారు. నాలుగు వేలు అయింది. వణుకు అలాగే ఉంది. రెండో గ్యారేజీలో బానెట్ ఎత్తి, రెండు సార్లు రేస్ చేసి, "ఇంజన్ బోర్‌కొచ్చింది సార్, దించాల్సిందే. 38 వేలు అవుతుంది" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే శబ్దం వింటే తెలుస్తుందన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. బోర్ అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ. అదీ, పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ అరిగితే సైలెన్సర్ నుంచి నీలం పొగ రావాలి, ఆయిల్ తగ్గుతూ ఉండాలి. మా బండికి పొగ లేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఎక్కడిదక్కడే ఉంది. కొలవకుండా ఇంజన్ విప్పడానికి నేను ఒప్పుకోదలచుకోలేదు.

రాణిగంజ్ వెళ్లి, సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతుందో చూపించే కంప్రెషన్ గేజ్ కొన్నాను. ప్లగ్గు రంధ్రానికి చేత్తో అదిమిపట్టే రబ్బరు మూతిది వద్దని, 14 మిల్లీమీటర్ల మరతో బిగించేది అడిగి తీసుకున్నాను. అదిమే రకంతో చెయ్యి కొంచెం కదిలినా గాలి పక్కనుంచి పోతుంది, అంకె తప్పు వస్తుంది.

ఇంటికొచ్చి అదే సాయంత్రం పరీక్ష చేశాను. మొదటి సిలిండర్ 95 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే కొలతే), రెండోది 48, మూడోది 92. గుండె జారిపోయింది. మంచి పెట్రోల్ ఇంజన్‌లో మామూలుగా 150కి అటూ ఇటూ ఉండాలి. మూడూ పోయినట్టే కదా, ఆ గ్యారేజీవాళ్లు చెప్పిందే నిజమేమో అనుకున్నాను.

మర్నాడు ఆ అంకెలు కాగితం మీద రాసుకుని ముషీరాబాద్‌లో ఉండే ఉస్తాద్ దగ్గరకు వెళ్లాను. నాన్న బండిని మొదటి నుంచీ చూసిన మెకానిక్. ఇప్పుడు షెడ్డు మూసేశారు, చూపు సరిగా ఆనదు. కాగితం నా చేతే చదివించుకుని ఒకే మాట అడిగారు: "కొలిచేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కిపట్టావా బేటా?" లేదన్నాను. ఇంజన్ వేడిగా ఉందా అన్నారు. అదీ లేదు. బ్యాటరీ? సెల్ఫ్ కొట్టీ కొట్టీ సగం దిగిపోయి ఉంది. "మరి గాలే లోపలికి పోకపోతే ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తది?" అన్నారు.

ఆయన చెప్పినట్టే మళ్లీ చేశాను. బ్యాటరీ రాత్రంతా చార్జింగ్ పెట్టాను. బండి ఇరవై నిమిషాలు తిప్పి ఇంజన్ వేడెక్కనిచ్చాను. మూడు ప్లగ్గులూ తీసేసి, కాయిల్‌కు కరెంటు వచ్చే వైరు పీకేశాను. మా అబ్బాయి యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కూ ఐదారు దెబ్బలు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాడు. ఈసారి 148, 72, 145. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, గాలి కాస్త పలచన, అందుకని రీడింగ్ కొద్దిగా తగ్గుతుంది. అలా చూస్తే ఒకటి, మూడు శుభ్రంగా ఉన్నట్టే. అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. పది పదిహేను శాతం దాటకూడదు. ఇక్కడ రెండోది సగమే ఉంది.

తర్వాత రెండో సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసి అంకె బాగా పెరగాలి. 72 కాస్తా 80 అయింది, అంతే. అంటే గాలి రింగుల దగ్గర పోవడం లేదు. ఇక మిగిలింది వాల్వులు (గాలి లోపలికొచ్చే, పొగ బయటికి పోయే దారుల మూతలు), లేదా హెడ్ గాస్కెట్ (సిలిండర్లకూ వాటి పైనుండే హెడ్‌కూ మధ్య పొర). గాస్కెట్ అయితే చాలాసార్లు పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతాయి, ఇక్కడ ఒకటే. ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత ప్రశాంతంగా నిద్ర పట్టింది.

ఏ వాల్వో తేల్చింది మాత్రం మా వీధి చివర పంక్చర్ షాపు అన్న. గేజ్ గొట్టం చివర టైరుకు ఉన్నట్టే ఒక చిన్న వాల్వ్ పిన్ను ఉంటుంది. అది తీసేస్తే గాలి సిలిండర్ లోపలికి పంపొచ్చు. ఆయన తన పనిముట్టుతో క్షణంలో తీసి నా చేతిలో పెట్టాడు. (అది పోగొట్టుకోకూడదు. దాని స్థానంలో మామూలు టైరు పిన్ను వేస్తే స్ప్రింగు గట్టిది కావడం వల్ల తర్వాత అన్ని రీడింగులూ తక్కువ చూపిస్తాయి.) గాలి పంపేటప్పుడు ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసుకుని, పిస్టన్ పైన ఉండాలి. అందుకని ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపల తిరిగే రోటర్ రెండో సిలిండర్ వైరు వైపు తిరిగేలా చూసుకున్నాం. ప్లగ్గు రంధ్రంలో కొబ్బరిబోండాం స్ట్రా నిలబెట్టి, నాలుగో గేర్ వేసి బండిని మెల్లగా తోస్తే, పిస్టన్‌తో పాటు స్ట్రా పైకి లేస్తూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడే హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద ఇటుకలు పెట్టాం.

కంప్రెసర్ గాలి వదిలాడు. కార్బురేటర్ దగ్గర చెవి పెట్టాను, నిశ్శబ్దం. ఇన్‌లెట్ వాల్వ్ బాగుంది. రేడియేటర్ మూత తీసి చూశాను, ఒక్క బుడగ రాలేదు. ఆయిల్ పోసే మూత దగ్గర సన్నగా శబ్దం, అది ఏ ఇంజన్‌కైనా కొంత ఉంటుంది. వెనక్కి వెళ్లి సైలెన్సర్ ముందు కూర్చున్నాను. బుస్సుమని గాలి. పాలకవర్ ఒకటి పైపుకు అడ్డంపెడితే బెలూన్‌లా ఉబ్బింది. మా అబ్బాయి "నాన్నా, ఇక్కడే!" అని అరిచాడు. ఎగ్జాస్ట్ వాల్వ్.

ఇంజన్ చల్లారాక, సందులు కొలిచే పలచని బ్లేడ్ల ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే ఆ వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే ఆర్మ్‌కూ మధ్య ఉండాల్సిన సందే (టాపెట్ సందు) లేదు, అన్నిటికన్నా పలచని బ్లేడు కూడా దూరలేదు. నాన్న కొన్నేళ్లు ఎల్‌పీజీ కిట్‌తో నడిపారు. గ్యాస్ మీద నడిచే ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరిగి వాల్వ్ పైకి జరుగుతుంది, టాపెట్ సందు తగ్గిపోతుంది. ఎప్పటికప్పుడు సర్దకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. సీటుకు ఆనితేనే దాని వేడి హెడ్‌లోకి దిగుతుంది. ఆనకపోతే కాలిపోతుంది. కిట్ తీసేశాక ఎవరూ టాపెట్లు చూడలేదు. నేనూ చూడలేదు, ఆ బాధ నాకుంది.

సందు సర్దితే 72 కాస్తా 84 అయింది. సరిపోదు. హెడ్ దించాల్సిందే. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు వచ్చి దించాడు. ఆ వాల్వ్ చేతిలోకి తీసుకుని చూశాను. గుండ్రటి అంచంతా బూడిద రంగులో నునుపుగా ఉంది, ఒక్కచోట మాత్రం ఎలుక కొరికినట్టు గోరంత ముక్క లేదు. పక్కన పగులు తెలుస్తోంది. ఇన్నాళ్ల వణుకూ ఆ గోరంత సందులోంచి వచ్చిందే.

సిలిండర్ గోడలు చూశాం. వేలితో రాస్తే మెట్టు తగల్లేదు, గీతలు లేవు. బోర్ బాగానే ఉంది. కొత్త ఎగ్జాస్ట్ వాల్వ్ వేసి, ఆరు వాల్వులకూ గ్రైండింగ్ పేస్ట్ రాసి సీట్లకు రుద్దారు. సీళ్లు, హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్ట్ కొత్తవి. హెడ్ బిగించే ముందు పోర్టుల్లో పెట్రోల్ పోసి పావుగంట ఉంచితే ఒక్క చుక్క కారలేదు. బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా టార్క్ పానాతో బిగించాడు. సామాను, కూలీ కలిపి 11,400 అయింది.

ఆ సాయంత్రమే మళ్లీ గేజ్ పెట్టాను. 152, 149, 151. ఉస్తాద్‌కు ఫోన్ చేసి చదివి వినిపిస్తే మూడు అంకెలూ రెండు సార్లు చెప్పించుకున్నారు. ఆదివారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తార్నాక బయలుదేరాను. లాలాపేట ఫ్లైఓవర్ మూడో గేర్‌లో ఎక్కింది. అమ్మ ఏమీ అనలేదు, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ మూడు అంకెలు, తేదీ, కిలోమీటర్ రీడింగ్ రాసిన కాగితం బానెట్ లోపల అతికించాను. పదివేల కిలోమీటర్లు తిరిగాక టాపెట్లు చూడాలని దాని కిందే రాసిపెట్టాను.