గులాబీ పలుగురాయి సాన: నక్షత్రం కనిపించే దాకా

ఉగాది తరువాత చేపట్టిన గులాబీ పలుగురాయి పని ఇప్పుడు మెరుగు పెట్టే దశకు వచ్చింది. మడగాస్కర్ సరుకని చెప్పి అమ్మిన 150 గ్రాముల ముడిరాయిలో పగుళ్ళు తక్కువగా ఉన్న భాగాన్ని ఎంచుకుని, పైన గుమ్మటంగా, అడుగున చదునుగా ఉండే లాకెట్టు రాయిని తీస్తున్నాను. అనంతపురం చుట్టుపక్కల చేలల్లో అడుగడుగునా కనిపించే తెల్ల పలుగురాయికీ దీనికీ మూలపదార్థం ఒకటే. రెండూ సిలికాన్ డయాక్సైడే, గీతకు రాయి ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలతలో రెండింటి కాఠిన్యమూ 7. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వెతికేవారు పక్కకు నెట్టేసే రాయికి ఇది తోబుట్టువు కావడం వల్లనే నాకు దీనిపై ఇంత మక్కువ కలిగింది.

ఈ రాయి పనంతా దాని రంగును బట్టే సాగుతుంది. ఆ రంగుకు టైటానియం, మాంగనీసు వంటి లోహాలు కారణమని చాలాకాలం భావించారు. 2001లో గోరేవా, మా, రాస్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, ఈ పలుగురాయిని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే గులాబీ రంగు పీచు మిగులుతుందనీ, అది డ్యూమార్టియరైట్ అనే ఖనిజానికి దగ్గరి పదార్థమనీ తేలింది. కంటికి ఆనని ఆ పీచు రాయంతటా పలచగా పరుచుకుని ఉంటుంది కనుక, పలచగా కోసిన ముక్క దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. అందుకే గుమ్మటం ఎత్తును 10 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంచాను.

పీచు ఒక క్రమంలో అమరి ఉన్న రాళ్ళలో ఆరు రేకల నక్షత్రం కూడా కనిపిస్తుంది. అది గుమ్మటం నడినెత్తిన నిలవాలంటే, రాయి అడుగు స్ఫటికపు నిలువు అక్షానికి లంబంగా ఉండాలి. ఆ దిక్కును కనుక్కోవడానికి ముక్కను ముందు గుండ్రంగా అరగదీసి, కొబ్బరినూనె పూసి, చీకటి గదిలో వెనుక నుంచి ఒకే బల్బున్న చిన్న టార్చి వేసి, మెల్లగా తిప్పుతూ చూశాను. చాలాసేపు పాలమబ్బు వంటి వెలుగు తప్ప మరేమీ కనిపించలేదు. ఒక కోణంలోకి రాగానే సన్నని గీతలు మూడు ఒకదానినొకటి కోసుకుంటూ తేలాయి. అవి కలిసిన చోట మార్కర్‌తో చుక్క పెట్టి, దానికి ఎదురు వైపును అడుగుగా కోశాను.

సాన యంత్రానికి తాడిపత్రి బండల పాలిష్ కేంద్రం నుంచి పాత మోటారు తెచ్చుకున్నాను. పైన సెలైన్ సీసా వేలాడదీసి, దాని గొట్టం ద్వారా చక్రం మీద నీటి చుక్కలు నిరంతరం పడేటట్లు అమర్చాను. పలుగు ధూళి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది కనుక పొడిగా అరగదీయడం ఎంతమాత్రం తగదు. తడి ఆరిన ముద్దను కూడా చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతోనే తీయాలి. రాయిని కర్రపుల్లకు లక్కతో అతికించేటప్పుడు నిదానంగా వేడి చేయాలి, లేకపోతే లోపలి పగుళ్ళు విచ్చుకుంటాయి.

220 నంబరు గరుకుతో ఆకారం తెచ్చి, 400, 600, 1200 నంబర్ల గరుకు కాగితాలు వరుసగా వాడాను; నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. నంబరు మార్చిన ప్రతిసారీ రాయినీ చేతులనూ కడిగి, రాయిని పూర్తిగా ఆరనిచ్చి, ఏటవాలు వెలుగులో చూడాలి. తడి మీద గీతలు కనిపించవు, ఆరాకే బయటపడతాయి. చివరి మెరుగుకు తోలు మీద సీరియం ఆక్సైడ్ ముద్ద వాడుతున్నాను.

మన నవరత్నాలలో ఈ రాయికి చోటు లేదు. ప్రేమకు గుర్తుగా దీనిని చెప్పుకోవడం ఇటీవల మన అంగళ్ళలోనూ బాగా వినిపిస్తున్నది. అమెరికాలోని దక్షిణ డకోటా 1966లో దీనిని తన రాష్ట్ర ఖనిజంగా ప్రకటించింది. నా మట్టుకు ఆ పాలగులాబీ వెలుగే చాలు, గ్రహబలం పేరిట ఎక్కువ ధర పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. గాజును ఈ పేరుతో అంటగట్టే ప్రమాదం ఉంది కనుక సాంద్రత చూసుకోవడం మంచిది. నా రాయి గాలిలో 12.72 గ్రాములు, దారంతో నీటిలో వేలాడదీసినప్పుడు 7.92 గ్రాములు తూగింది. మొదటి తూకాన్ని తేడా అయిన 4.80తో భాగిస్తే 2.65 వచ్చింది, పలుగుకు ఉండవలసిన సాంద్రత అదే. గాజులో కొన్ని రకాలు దీనికి దగ్గరగా రావచ్చు కనుక గాలిబుడగల కోసం భూతద్దంతో కూడా చూశాను.

ఎండలో ఇది వెలిసిపోతుందని అందరూ అంటారు. నా రాయిలా స్ఫటిక ఆకారం లేకుండా ముద్దగా దొరికే, పీచు వల్ల రంగు వచ్చిన ముద్దరకం అంత తేలికగా వెలవదు. బ్రెజిల్‌లో దొరికే అరుదైన గులాబీ స్ఫటికాల రంగుకు కారణం వేరు, వెలుతురుకు వెలిసేది అది. పగుళ్ళున్న ముద్దరకానికి మా ప్రాంతంలో అసలు ఇబ్బంది పసుపు, కుంకుమ, నూనె, బోరు నీళ్ళ వల్ల వస్తుంది. మొదటి మూడూ పగుళ్ళలోకి దిగి మరకపడతాయి, బోరు నీరు ఆరితే తెల్లని ఉప్పుపొర మిగులుతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తని బ్రష్‌తో కడిగి, చివర ఫిల్టర్ నీటితో మరోసారి కడిగి, నూలుగుడ్డతో అద్దాలి. దుమ్ము పడ్డ రాయిని కడగకుండా తుడవరాదు, మన దుమ్ములోనూ పలుగు రేణువులే ఉంటాయి. కెంపులు, నీలాలు దీనిని గీస్తాయి, ఇది ముత్యాలను, పగడాలను గీస్తుంది. కాబట్టి విడి సంచిలో ఉంచాలి.

ఇక మిగిలినది అడుగు భాగం మెరుగు. వెనుక నుంచి పడే వెలుగులోనే నక్షత్రం బాగా కనిపిస్తుంది కనుక కెంపుల వెనుక వేసినట్లు మెరుపు రేకు వేయకుండా, వెనుక తెరిచిన వెండి చట్రం చేయించాలని నిర్ణయించాను. అతుకు పనంతా పూర్తయి చట్రం చల్లారిన తరువాతే రాయిని పొదగాలని కంసాలితో ముందే మాట్లాడుకున్నాను.