వెళ్లిన డబ్బా తిరిగి రావాలి: ఆర్‌ఎఫ్‌ఐడీ పని ఎంతవరకు వచ్చింది

మే 3

మా అమ్మ స్టీలు డబ్బాలన్నిటి మీదా ఇంటిపేరు చెక్కించి ఉంటుంది. అయినా ఏటా ఆవకాయలు పంచడం అయ్యేసరికి నాలుగైదు డబ్బాలు మాయం. డబ్బా ఎవరిదో ఆ పేరు చెబుతుంది గానీ, ఇప్పుడు ఎవరింట్లో ఉందో చెప్పదు కదా. ఆ రెండో సంగతి కోసమే ఈ పని మొదలుపెట్టాను. డబ్బాకో చిప్పు, వంటింటి గుమ్మం పక్కన దాన్ని తాకకుండానే రేడియో తరంగాలతో చదివే ఒక రీడరు. ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే ఇదే. డబ్బా బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చినప్పుడు ఒకసారి దాని ముందు చూపిస్తే చాలు.

తెప్పించినవి: ఆర్‌సీ522 రీడరు, దాన్ని నడిపించే చిన్న కంప్యూటరు లాంటి ఈఎస్‌పీ32 బోర్డు, చిప్పున్న ఎన్‌ట్యాగ్213 రకం స్టిక్కర్లు ఇరవై. స్టిక్కరు 25 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల. లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే చుట్టూ సన్నటి తీగ చుట్టలు, ఓ పక్కన నల్లటి చుక్క. ఆ చుక్కే చిప్పు, మిగతాదంతా యాంటెన్నా. హిటాచీ వాళ్ల మ్యూ-చిప్ అయితే 0.4 మిల్లీమీటర్ల చదరం, ఆవగింజ కంటే బాగా చిన్నది. 2005లో జపాన్ ఐచీ ఎక్స్‌పో టికెట్లలో దాన్నే పెట్టారు. 2007లో 0.05 మిల్లీమీటర్లకి దించి, పొడిలా ఉండే చిప్పులు చూపించారు. అది చదివి మొదట నాకూ అంత చిన్నది కావాలనిపించింది. కానీ చిప్పు ఎంత తగ్గినా, దూరం నుంచి చదవాలంటే యాంటెన్నా ఉండాల్సిందే.

మే 5

రీడరు ఉలుకూ పలుకూ లేదు. దాని వెర్షన్ నంబరు అడిగితే 0x91 గానీ 0x92 గానీ రావాలి, నాకు 0x00, అంటే సున్నా, వస్తోంది. లైబ్రరీ (రీడరుతో మాట్లాడే రెడీమేడ్ కోడు) తప్పేమోనని రెండు గంటలు దానితోనే సరిపోయింది. చివరికి చూస్తే పిన్నులు టంకం పెట్టకుండా ఊరికే దూర్చి ఉంచాను. టంకం పెట్టగానే పలికింది. కొత్తగా చేసేవాళ్లు ఇంకోటి చూసుకోండి: రీడరు మీద ఎస్‌డీఏ అని రాసి ఉన్న పిన్ను ఇక్కడ ఎస్‌ఎస్‌గా, అంటే రీడరుని ఎంచుకునే పిన్నుగా, పనిచేస్తుంది. నేను దాన్ని ఈఎస్‌పీ32లో 5వ పిన్నుకి, మిగతా పిన్నుల్లో ఎస్‌సీకే 18కి, మిసో 19కి, మోసి 23కి, రీసెట్ 22కి కలిపాను. కరెంటు 3.3 వోల్టులే, 5 ఇవ్వకండి.

మే 9

గాజు సీసా మీద స్టిక్కరు మూడు సెంటీమీటర్ల దూరం నుంచే టక్కున చదివింది. జాడీ మీదా అంతే. అదే స్టిక్కరు స్టీలు డబ్బాకి అంటిస్తే సున్నా. రీడరుకి ఆనించినా సున్నానే. రీడరు పంపే అయస్కాంత క్షేత్రం వల్ల డబ్బా గోడలో కరెంటు సుడులు పుట్టి, ఆ క్షేత్రానికే అడ్డం పడతాయి. పైగా రీడరు వాడే 13.56 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి స్టిక్కరు శ్రుతి తప్పుతుంది. అయస్కాంతం అంటని స్టీలైనా సరే, కరెంటు పారే లోహమైతే చాలు ఇదే కథ. మధ్యలో అట్టముక్కలు పేర్చి చూశాను. అర సెంటీమీటరు ఎత్తు వచ్చాక అప్పుడప్పుడూ పలికింది. అంత దిమ్మెతో డబ్బా తోముకోమంటే అమ్మ నన్నే తోముతుంది.

ఫాస్టాగ్‌లో వాడే యూహెచ్‌ఎఫ్ (ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) రకం మీటర్ల దూరం నుంచి చదువుతుంది కదా అని అడిగాడు తమ్ముడు. కానీ అది ఉండేది కారు అద్దం మీద. దానికీ లోహం గిట్టదు, తడి ఇంకా గిట్టదు. రీడరు ధర సంగతి సరేసరి. వద్దనుకున్నాను.

మే 14

వెనక ఫెరైట్ పొర (అయస్కాంత క్షేత్రాన్ని లోహం దాకా పోనివ్వని పదార్థం) ఉన్న స్టిక్కర్లు పది వచ్చాయి. మామూలు వాటికి రెట్టింపు పైనే ధర. రీడరు యాంటెన్నా గెయిన్ (అందిన సిగ్నల్‌ని ఎంత పెంచుకోవాలన్న సెట్టింగు) 48 డెసిబెల్స్‌కి పెంచితే స్టీలు మీద కూడా సెంటీమీటరు దూరం నుంచి చదువుతోంది. నాకు అది చాలు. ఒకదాని కింద గాలి బుడగ ఉంటే గోటితో గట్టిగా నొక్కాను. సరిగ్గా నల్లచుక్క మీద నొక్కినట్టున్నాను, అది ఇక లేవలేదు.

స్టిక్కరులోనే డబ్బా పేరు తెలుగులో రాద్దామనుకున్నాను. అందులో చోటు 144 బైట్లు, అందులో పదీ పదిహేను, రాసింది ఏ రకం, ఎంత పొడవు అని చెప్పే గుర్తులకే పోతాయి. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. కంటికి ఒక్క అక్షరంలా కనిపించే ‘స్టీ’లో స, పొల్లు, ట, గుడిదీర్ఘం కలిపి పన్నెండు. ‘స్టీలు డబ్బా’ అనేసరికి 34 బైట్లు. ఇక ఏ పచ్చడి, ఎంత, ఎవరికి అన్నవి ఎక్కడ పట్టించను? అందుకే స్టిక్కరులో ఏమీ రాయకుండా, ఫ్యాక్టరీలోనే దానికి పడిన ఏడు బైట్ల పుట్టు నంబరు మాత్రం తీసుకుని, మిగతా వివరాలన్నీ బోర్డులోని ఫైల్లో పెట్టాను. పచ్చడి మారినా స్టిక్కరు ముట్టుకోనక్కర్లేదు.

మే 21

స్టిక్కర్లు డబ్బా అడుగున అంటించాను. గుంటలా ఉంటుంది, పీచు తగలదు, పైన ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు) పూత కూడా వేశాను. అంతా బాగానే ఉందనుకుంటుండగా అమ్మ పేరుకున్న నెయ్యి కరిగించడానికి డబ్బాని ఏకంగా స్టవ్ మీద పెట్టింది. వంటిల్లంతా ప్లాస్టిక్ కంపు. “అడుగున ఏదో అంటించావని నాకెవరు చెప్పార్రా?” అంది. నిజమే, చెప్పలేదు.

మూత మీద పెడదామంటే మా ఇంట్లో ఏ మూత ఏ డబ్బాదో బ్రహ్మకి కూడా తెలియదు. ఇప్పుడు పక్కగోడకి, అంచుకి రెండు వేళ్ల కింద అంటిస్తున్నాను. మూడు కేజీల డబ్బాలకి బాగానే పట్టింది. చిన్నవాటికి వంపు ఎక్కువ కావడంతో స్టిక్కరు అంచు లేస్తోంది.

మే 28

స్టీలు డబ్బాలు ఎనిమిది, గాజు సీసాలు ఆరు నమోదయ్యాయి. రీడరు పాత సబ్బుపెట్టెలో పెట్టి గుమ్మం చెక్కకి బిగించాను. చదవగానే బీప్ వస్తుంది. అమ్మ రెండుసార్లు చూపించకుండా పంపేసింది, అవి చేత్తో ఎక్కించాను. ప్రస్తుతం లెక్క ప్రకారం పిన్నిగారింట్లో మూడు, కింద వాటాలో ఒకటి ఉన్నాయి. పిన్నికి ఫోన్ చేసి అడగమని అమ్మకి చెబితే, “ఇచ్చి పదిరోజులు కాలేదు, అప్పుడే డబ్బాలు అడుగుతామా!” అని కసిరింది. ఇంకో పది ఫెరైట్ స్టిక్కర్లు ఆర్డర్ పెట్టాలి, ఈసారి చిన్న సైజువి.